మనిలా నగరమున అతిథులకు త్రోవ చూపువారు

ఫిలిప్పీను ద్వీపములు ఏడువేలకు పైబడి యున్నవి. వానికి రాజధాని మనిలా. దూరదేశములనుండి యచ్చటికి వచ్చువారిని వెంటబెట్టుకొని ఊరు చూపి, పూర్వకథలు చెప్పి, వంటకములు రుచి చూపించుట అందొక వృత్తి. ఆ దేశపు పర్యాటక శాఖవారు ఇట్టివారికి అనుమతిపత్రము లిత్తురు. ఈ పనిలో స్త్రీలును గలరు. పరాయివారి యెదుట మన యింటి సంగతి యెంతవఱకు చెప్పవలెనను చిక్కు ప్రతి గృహిణికిని తెలిసినదే గనుక, వారి పని యెట్టిదో మా సోదరీమణులకు కొంత తెలుపదలచితిమి.

నడక సాధారణముగా ఇంట్రామురోసునందు మొదలగును. ఆ పేరునకు గోడలలోపల అని యర్థము. 1571లో స్పెయినుదేశీయుడగు లెగాస్పి నెలకొల్పిన కోటపట్టణ మిది. ఇందొక మూల సాంతియాగో కోట కలదు. వైద్యుడును నవలాకారుడునగు హోసే రిసాలును స్పెయినువారు అందే బంధించి, 1896 డిసెంబరు 30వ తేదీన వెలుపలి మైదానమున కాల్చి చంపించిరి. ఆయన కడపటిసారి నడచిన త్రోవను కంచు అడుగుజాడలతో నేలపై గుర్తించియున్నారు. ఇచ్చట నేర్పుగల మార్గదర్శిని మాటలాడదు. అతిథులను ఆ యడుగుల వెంబడి ఊరక నడువనిచ్చును.

తరువాతి మాట చెప్పుట కష్టము. 1945 ఫిబ్రవరి 3 మొదలు మార్చి 3 వఱకు ఈ నగరమున ఘోరయుద్ధము జరిగెను. జపానుసైనికులు పౌరులను ఊచకోత కోసిరి. అమెరికావారి ఫిరంగులు ఇండ్లను కూల్చెను. సుమారు లక్షమంది పౌరులు మడిసిరి. గోడలలోపలి యేడు దేవాలయములలో 1607లో ముగిసిన సాన్ అగస్తీను రాతిగుడి యొక్కటియే నిలిచినది. ఆ పట్టణముననే యొక చిన్న కూడలిలో, చచ్చిన బిడ్డను చేతులలో నుంచుకొని విలపించు స్త్రీ విగ్రహము కలదు. అది 1995లో స్థాపింపబడినది. వినోదమునకై వచ్చినవారికి ఈ దుఃఖమేల యని ఆ కూడలిని తప్పించి పోవుట సులభము. మా మతమున నది సరికాదు. వచ్చినవారిలో జపానువారు, అమెరికావారు నుందురు. వారిని నిందింపనక్కఱలేదు, కాని వారి మొగము చూచి లెక్క తగ్గించి చెప్పనుగూడదు.

కాసా మనిలా యను గృహము చూడ ముచ్చటైనది. పాతకాలపు కలవారి యింటి పోలికగా 1980 తరువాతి దశాబ్దమున కట్టినది. ఆనాటి యిండ్ల కిటికీలకు గాజునకు మాఱుగా కపిజ్ అను పలుచని ఆలుచిప్పల రేకులు బిగించెడివారు. ఇది పాత యిల్లు కాదు, పోలిక మాత్రమేయని గడపలోనే చెప్పినచో అతిథులకు తక్కిన మాటలయందును నమ్మకము కలుగును.

పాసిగ్ నది దాటినచో బినొందో. క్రైస్తవమతము గైకొన్న చీనావారికై 1594లో ఏర్పడిన పేట యిది. పలుచని యట్టులో కూరముక్కలు చుట్టిన లుంపియా, పెసరపప్పు పూర్ణముగల హోపియా ఇచ్చట దొరకును. సినిగాంగ్ అను పులుసును మాత్రము మన సోదరీమణులు వెంటనే పోల్చుకొందురు: పచ్చి చింతకాయలుడికించి పిసికిన రసములో చేపనో పందిమాంసమునో, ముల్లంగి, వంకాయ, తూటికూరలతో కాచెదరు. పోపు లేదు.

వేరుసెనగ, మిరప, మొక్కజొన్న మున్నగునవి మెక్సికోనుండి ఓడలలో వచ్చినవి. అకపుల్కో, మనిలాల నడుమ 1565 మొదలు 1815 వఱకు ఆ వర్తకము సాగెను. ఆ వేరుసెనగ ముద్దలో ఎద్దుతోకను మెత్తగా నుడికించిన వంటకము కారెకారె. దీనితో మనకొక చుట్టఱికము చెప్పుదురు. 1762లో ఆంగ్లేయులు మన చెన్నపట్టణమునుండి సిపాయిలను ఓడలలో గొనిపోయి మనిలాను పట్టుకొని, 1764 వఱకు ఏలిరి. ఆ సిపాయిలలో కొందఱు తిరిగి రాక కాయింతా యను నూరిలో కాపురముండిరి. ఇంతవఱకు చరిత్ర. కారెకారె వారి కూరనుండి పుట్టినదనుట వాడుకకథ. కథను కథగానే చెప్పినను రుచి తగ్గదు గదా! రెంటిని కలిపి నిక్కమని చెప్పు నాలుకను మేము మెచ్చము.

అరటియాకులు పఱచి, వానిపై నన్నమును కూరలును రాశిపోసి అందఱును చేతితో తినుటకు కమాయన్ అని పేరు. చెంచాతో బెరిగిన అతిథి తొలిముద్ద ఒడిలోనే పడును. వ్రేళ్లతో కూర్చి బొటనవ్రేలితో నోటిలోనికి త్రోయు విధమును మార్గదర్శిని తాను తిని చూపించును, నవ్వదు. బాలూత్ విషయమున నీ మర్యాద తఱచు తప్పుచున్నది. పిండమేర్పడిన బాతుగ్రుడ్డును ఉడికించి తినుట అచ్చటివారికి సామాన్యమైన చిరుతిండి. దానిని విదేశీయుని నోటికందించి, అతడు మొగము చిట్లించుట చూచి నవ్వుట అతిథికిని ఆ వంటకును గూడ అవమానమే. అడిగినవానికి ఉప్పుతో నీయవలెను, అడుగనివానికి ఊరకుండవలెను.

ప్రయాణమునుండి మరలువారు ఇంటివారికై యేదైన తెచ్చుట ఆ దేశమున తప్పని యాచారము. దానిని పసలుబోంగ్ అందురు. అందుచే నడక ముగించునపుడు అతిథులను హోపియా యంగడికి మరల తీసికొనిపోవుదురు. ఎండు మామిడిపండ్ల ముక్కలు ఎక్కువ దినములు నిలుచును గనుక దూరము పోవువారు వానినే కొనుట మేలు.