పెరటి చేపల తొట్టి - చలికాలానికి ముందు చేసుకోవలసిన పనులు

"విశాఖపట్నంలో చలేమిటమ్మా, దానికి చేపల తొట్టిని సిద్ధం చెయ్యడమేమిటి!" అని నవ్వేవారుంటారు. నిజమే. లంబసింగిలోలాగ, అరకులోలాగ మనకి వేళ్ళు కొంకర్లుపోయే చలి లేదు. పుష్యమాసంలో తెల్లవారుజామున 18 డిగ్రీల దరిదాపులకి దిగితే చాలు, మనం మఫ్లర్లు వెతుక్కుంటాం. అయినా పెరట్లో చేపలు పెంచుకునే ఇల్లాళ్ళని అడిగి చూడండి. వేసవి గండం గట్టెక్కిన చేపలు కార్తీకంలోనో, మార్గశిరంలోనో ఒక తెల్లవారుజామున పొట్టలు పైకి తేలేసి కనిపించాయని చెప్పేవాళ్ళు ఒకరిద్దరైనా తగులుతారు. అవి చలికి చచ్చినవి కావు. దేనికి చచ్చాయో తెలిస్తే, దీపావళికి ముందు రెండురోజుల పనితో ఆ నష్టం తప్పించుకోవచ్చు.

ఉక్కునగరం క్వార్టర్ల వెనకనైనా, గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి వైపునైనా కాస్త పెరడున్న ఇంట్లో నూతి పక్కన ఒక సిమెంటు తొట్టి కట్టుకోవడం కష్టమేమీ కాదు. కొందరు ముచ్చటకి గోల్డుఫిష్, గప్పీలు వేస్తారు. కొందరు కూరకి పనికొస్తాయని శీలావతి పిల్లలు, తిలాపియా, కొరమీను వేస్తారు. నేను చెప్పబోయేది ఇద్దరికీ పనికొస్తుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉన్న తొట్టిలో సుమారు 1,700 లీటర్ల నీళ్ళు పడతాయి. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి, తరువాత పనుంది.

చలిదేశాలవాళ్ళ పుస్తకాలు చదివితే అక్కడి బాధ వేరు. చెరువు మీద మంచు పలకలా గడ్డకడుతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది గనుక ఆ నీరు అడుక్కి దిగి అక్కడే నిలుస్తుంది, చేపలు ఆ అడుగునే మేత మాని నెలల తరబడి పడుంటాయి. అక్కడివాళ్ళు మంచులో ఒక కంత ఉంచడానికి అవస్థపడతారు. మనకి ఆ అవస్థ లేదు. కాని కంత ఎందుకుంచుతారో ఆ కారణం మాత్రం మనకీ ఉంది. నీటికి గాలి ఆడాలి.

చేపకి మనలాగ ఒంట్లో స్థిరమైన వేడి ఉండదు. నీళ్ళెంత చల్లగా ఉంటే దాని ఒళ్ళూ అంతే. నీళ్ళు 26 నుంచి 30 డిగ్రీలుంటే శీలావతి ఆవురావురుమని తింటుంది. 20కి దిగాయంటే దాని ఆకలి సన్నగిల్లుతుంది, తిన్నదీ తొందరగా అరగదు. మనకేమో చెయ్యి అలవాటు! నిన్న గుప్పెడు వేశాం గనుక ఇవాళా గుప్పెడే. రాత్రి గిన్నెలో మిగిలిన మెతుకులు సరేసరి. చేప తినని ఆ మేత అడుక్కి చేరి కుళ్ళుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. 30 డిగ్రీల నీటిలో లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 20 డిగ్రీల నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. అంటే చల్లని నీటిలోనే చేపకి ఊపిరి ఎక్కువ! మరి చలికాలంలో ఊపిరాడక చావడమేమిటంటారా? పట్టగలిగినంత ఉండడం వేరు, నిజంగా ఉండడం వేరు. ఇంట్లో డబ్బా పెద్దదైనంత మాత్రాన బియ్యం నిండుగా ఉన్నట్టు కాదు గదా. తొట్టిలోని పచ్చటి పాచి పగలు ఎండలో ప్రాణవాయువుని ఇస్తుంది, చీకటి పడితే తానూ తీసుకుంటుంది. కుళ్ళే ఆకూ, మేతా రాత్రీ పగలూ తీసుకుంటూనే ఉంటాయి. పైగా డిసెంబరులో రాత్రి 13 గంటలు. దానికితోడు తుపాను మబ్బు మూడురోజులు పట్టిందనుకోండి, పగలు కూడా జమ లేదు, ఖర్చు మాత్రం తప్పదు. నాలుగో రోజు తెల్లవారగట్ల నాలుగింటికీ ఆరింటికీ మధ్య నీటిలో ఊపిరి అడుగంటుతుంది.

ఇది తెలియక ఎన్ని అపార్థాలొస్తాయో! మాకు తెలిసిన ఒక వీధిలో ఇలాగే మబ్బుపట్టిన నాలుగోరోజు పొద్దున్న ఒకావిడ తొట్టిలో పెద్ద చేపలన్నీ పోయాయి. అంతకు ముందు వారమే పక్కింటావిడతో గోడ మీది తీగ గురించి మాటా మాటా వచ్చింది. ఇంకేముంది, "రాత్రి ఎవరో మందు పోశారు" అన్నారు. పేరు చెప్పలేదు గాని, వీధిలో అందరికీ తెలిసింది ఆ 'ఎవరో' ఎవరో. పదేళ్ళుగా కూరలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు ఏడాదిపాటు మాటల్లేకుండా ఉన్నాయి. అందుకే గుర్తులు చెబుతాను, వినండి. ఊపిరాడక పోతే చావు తెల్లవారుజామునే జరుగుతుంది. పెద్దవి ముందు పోతాయి, చిన్నవి చాలావరకు బతుకుతాయి. తొట్టిలో కొరమీనుంటే అది నిక్షేపంగా ఉంటుంది, ఎందుకంటే కొరమీను పైకొచ్చి నేరుగా మన గాలే పీలుస్తుంది. నీళ్ళు కలిపితే అడుగునుంచి మురుగు కంపు కొడుతుంది. అదే విషమైతే వేళాపాళా లేదు, చిన్నాపెద్దా తేడా లేదు, కప్పపిల్లలూ పురుగులూ కూడా చస్తాయి. ఆవిడ తొట్టిలో గప్పీలన్నీ ఈదుతూనే ఉన్నాయట! ఎవరైనా ఆ సంగతి అప్పుడే గమనించి చెప్పి ఉంటే బాగుండేది.

చావుకి ముందు చేపలు చెప్పకుండా పోవు. పొద్దున్నే మూతులు నీటిపైకి పెట్టి గుటకలు వేస్తాయి. అది చూడగానే మేత ఆపండి. చెంబుతో తొట్టినీళ్ళే ఎత్తి, భుజం ఎత్తునుంచి ధారగా పోస్తూ ఉండండి. పిల్లల్ని పిలిస్తే ఆటలా చేస్తారు. అరగంట పోస్తే తేడా తెలుస్తుంది. గాలి పంపు ఉంటే సరే, కాని తుపానువేళ కరెంటుని నమ్ముకోకండి.

ఇక ముందుగా చెయ్యవలసిన పనులు. ఆశ్వయుజంలో ఒక ఎండపూట చూసుకుని తొట్టి అడుగు మట్టు తీసెయ్యాలి. రబ్బరు గొట్టంతో నీళ్ళు లాగితే మట్టు దానితో వచ్చేస్తుంది. ఆ నీళ్ళు అరటిపాదుకో, కనకాంబరాలకో పోయండి, మహా బలం. ఒక్కసారే తొట్టంతా ఖాళీ చెయ్యవద్దు. నాలుగోవంతు తీసి నాలుగోవంతు నింపండి, వారం ఆగి మళ్ళీ. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజంతా ఆరుబయట డ్రమ్ములో నిలవుంచాలి. బోరు నీళ్ళయితే వాటిలో ప్రాణవాయువు బహు తక్కువ, ఎత్తునుంచి చిమ్ముతూ పడేలా పెట్టండి. ఏ నీళ్ళయినా పొద్దెక్కాక పోయాలి గాని సాయంత్రం పొయ్యకూడదు. అంతరతామర, గుర్రపుడెక్క వేసుకున్నవారు నాలుగోవంతు ఉంచి మిగతాది లాగి పారెయ్యండి. వేసవిలో నీడ కావాలి, ఇప్పుడు ఎండే కావాలి.

మన పెరళ్ళలో బాదంచెట్టు ఉంటే దాని సంగతి ప్రత్యేకం. చలికాలం చివర ఆకు ఎర్రబడి విస్తరాకుల్లా రాలుతుంది. ఎండిన బాదం ఆకు ఒకటి రెండు నీళ్ళలో ఉంటే చేపలకి మంచిదని రంగుచేపలు పెంచేవారు కావాలనే వేస్తారు. ఒకటి రెండు మంచిదయితే బుట్టెడు ఇంకా మంచిది కాదు! కనక తొట్టిపైన వల కట్టాలి. ఫిషింగ్ హార్బరు వైపు ఎవరినైనా అడిగితే పాత వల ముక్క దొరుకుతుంది. బిగించి కట్టండి. ఆకునీ, కొంగనీ, లకుముకి పిట్టనీ, పిల్లినీ ఆపుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే వల ఒక్కటే చాలదు, చుట్టూ నడుమెత్తు తడిక కట్టి తీరాలి. పాకే పిల్లకి జానెడు నీళ్ళయినా ప్రమాదమే. ఇది చేపల గురించి చెప్పేవాటన్నిటికంటే ముఖ్యం.

దీపావళినాడు వల మీద ఒక పాత దుప్పటి కప్పెయ్యండి. చిచ్చుబుడ్డి రజను, మతాబు పొడి నీళ్ళలో పడకూడదు. మనవైపు నాగులచవితికీ బాణసంచా కాలుస్తారు గనుక ఆ దుప్పటి అప్పుడే మడతపెట్టకండి. కార్తీక దీపం నీటిలో వదలాలని ముచ్చటగా ఉంటుంది, కాదనను. ఒక ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వదలండి. తొట్టిలో ఒలికిన నూనె పలచటి పొరగా పరుచుకుంటే నీటికి గాలి అందదు.

కూర చేపలు పెంచేవారికి మరొక లెక్కుంది. చాలా ఇళ్ళలో కార్తీకమంతా నీసు ముట్టరు. వెనకే మార్గశిరం, కనకమహాలక్ష్మమ్మవారి గురువారాలు. అంటే సరిగ్గా ఊపిరి కరువయ్యే రెండు నెలలూ తొట్టిలోంచి ఒక్క చేపా బయటికి రాదు. అందుచేత కార్తీకం పెట్టకముందే పెద్దవాటిని తీసి వండుకోండి, లేదా ఇరుగుపొరుగుకి ఇవ్వండి. తొట్టి పలచబడితే సగం జాగ్రత్త తీసుకున్నట్టే.

మేత మాటకొస్తే, తవుడూ వేరుశనగ చెక్కా సమపాళ్ళలో కలిపి వేసేవారు ఆ ముద్దని సగానికి తగ్గించాలి. పొద్దున్నే కాకుండా పదీ పదకొండు గంటలకి, నీళ్ళకి ఎండ తగిలాక వెయ్యండి. పావుగంటలో తినగా మిగిలింది తీసెయ్యండి. మబ్బురోజున అసలే వద్దు. పస్తుంచుతున్నామని బాధపడకండి, ఆరోగ్యంగా ఉన్న చేప నాలుగు రోజులు మేత లేకపోయినా చెక్కుచెదరదు.

తుపాను సంగతి మనకి ఒకరు చెప్పాలా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిమీదే తీరం దాటింది. చెట్లు కూకటివేళ్ళతో లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే తొట్టి నీళ్ళు అరడుగు తగ్గించండి, లేకపోతే వానకి పొంగి చేపలు కాలవపాలవుతాయి. నీళ్ళు పోయే కంతకి జాలీ బిగించండి. మేత ఆపండి. మేడమీది నీళ్ళు పడే గొట్టం తొట్టిలోకి ఉంటే పక్కకి తిప్పండి, కప్పుమీది మసీ దుమ్మూ మొదటి వానకే దిగుతాయి.

వానలకి గెడ్డలు పొంగినప్పుడు పిల్లలు చేపలు పట్టి తెచ్చి సరదాగా తొట్టిలో వేస్తారు. అది మాత్రం వద్దని చెప్పండి. ఒంటిమీద ఎర్రమచ్చలు లేచి పుండ్లుపడే తెగులొకటి 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రాల వైపు కనిపించి మిగతా ప్రాంతాలకీ పాకింది. నీళ్ళు చల్లబడినప్పుడే అది విజృంభిస్తుంది, కొరమీనుకి మరీ ఎక్కువ. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థవారు దీనికి సిఫాక్స్ అనే మందు తయారుచేశారు. దాని మోతాదు మీటరు లోతున్న హెక్టారు చెరువుకి లీటరు. ఆ లెక్కన మన 1,700 లీటర్ల తొట్టికి నాలుగు చుక్కలే. మూతతో కొలిచి పోస్తే మందే విషమవుతుంది. ఇంతకంటే తేలిక, ముందుగానే లీటరుకి ఒక గ్రాము చొప్పున, అంటే మన తొట్టికి కిలో ముప్పావు కంటే కాస్త తక్కువ, రాళ్ళ ఉప్పు బకెట్‌లో కరిగించి పొయ్యడం. ఒక్కసారే సుమా! నీళ్ళు ఆవిరైనా ఉప్పు పోదు. మట్టి గుంట అయితే చదరపు మీటరుకి 20 గ్రాముల సున్నం, తడిపి చల్లార్చి చల్లండి. సిమెంటు తొట్టికి సున్నం అక్కర్లేదు, దాని ఒంట్లోనే ఉంది. కొత్తగా కట్టిన తొట్టి అయితే అరటిబోదె ముక్కలు వేసి రెండు మూడు వారాలు నాననిచ్చి, నాలుగుసార్లు నీళ్ళు మార్చాకే చేపల్ని దింపాలి.

"ఇదంతా ఎందుకు, దోమలు చేరుతున్నాయి, తొట్టి పూడ్చేద్దాం" అనే మగవారూ ఉన్నారు. మలేరియా దోమవల్లనే వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనుక్కున్నది మన సికిందరాబాదులోనే గనుక ఆ భయం న్యాయమైనదే. కాని దోమలు పెరిగేది చేపలున్న తొట్టిలో కాదు, చేపలు చచ్చాక వదిలేసిన తొట్టిలో. గుడ్డు పెట్టిన వారం పదిరోజుల్లో దోమ లేస్తుంది. చలికి గప్పీలు మందగిస్తాయి, ఒక్కోసారి పోతాయి కూడా. గంబూసియా చలికి తట్టుకుంటుంది, ఓ పది ఉంచుకోండి. అవి ఎక్కువైతే మాత్రం గెడ్డలో వదలకండి, అక్కడి చేపపిల్లల్నీ కప్పపిల్లల్నీ మిగలనివ్వవు.

శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళాక మేత మెల్లమెల్లగా పెంచండి, వారానికి కాస్త. కొత్త పిల్లల్ని కూడా అప్పుడే తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ సంచీలో తెచ్చినవాటిని సంచీతోనే అరగంట తొట్టిలో తేలనిచ్చి, తరువాత మూతి విప్పి, వాటంతట అవి బయటికి ఈదిపోయేదాకా ఊరుకోండి.