పాండవ విజయమును సినిమా తీయవలెనా?

పాండవోద్యోగము లోని రాయబారము తెర మీదికి ఎన్నోసార్లు వచ్చినది గదా, దాని తరువాయి నాటకమైన పాండవ విజయమును మాత్రము నాటకముగా ఎవరూ ఎందుకు తీయలేదని చల్లపల్లి వైపు నాటకాభిమానులు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్న అక్కడ పుట్టడములో వింత లేదు. చల్లపల్లి నుండి పామర్రు పోయే దారిలోనే కూచిపూడి ఉన్నది. మరొక దిక్కుగా దివిసీమలోకి సాగితే పెదకళ్ళేపల్లి. ‘నర్తనశాల’కు సంగీతము కూర్చిన సుసర్ల దక్షిణామూర్తిది ఆ ఊరే. రాయబారపు పద్యాలను తెర మీద దేశమంతటికీ వినిపించిన నందమూరి తారకరామారావు పామర్రు దాపున నిమ్మకూరులో 1923లోను, వాటికి గొంతు అరువిచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు గుడివాడ ప్రాంతములోని చౌటపల్లిలో 1922లోను పుట్టినారు. ఇక ఆ పద్యాలు వ్రాసిన జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులు. విశ్వనాథ సత్యనారాయణ అక్కడ ఆయన శిష్యుడు. కవీ, గాయకుడూ, నటుడూ ఒకే కాలువల నీళ్ళు త్రాగినవారు.

తిరుపతి వేంకట కవులు భారత కథను ఆరు నాటకాలుగా పంచినారు: పాండవ జననము, ప్రవాసము, రాజసూయము, ఉద్యోగము, విజయము, అశ్వమేధము. ఆరింటిలో ప్రజలు తమవిగా చేసుకొన్నవి నడిమి రెండే. ఉద్యోగమంటే సంధి ప్రయత్నము; విజయమంటే యుద్ధము. రెండింటినీ కలిపి ‘పాండవోద్యోగ విజయములు’ అని ఒకే మాటగా పలకడము మనకు అలవాటు. ఆ మాటలో పేరు మాత్రము సమముగా ఉన్నది గాని, వాడుకలో బరువంతా మొదటి దాని మీదనే పడినది. కృష్ణుడు నిదుర నటించే పడక సీను, ఆ వెనుక కౌరవ సభలో రాయబారము, ఈ రెండూ అయ్యేసరికి తెల్లవారుజాము అవుతుంది. యుద్ధము మొదలయ్యే వేళకు పందిరిలో పిల్లలు నిద్రపోతూ ఉంటారు, పెద్దలు తలపాగాలు సర్దుకొంటూ ఉంటారు. విజయము వెనుకబడడానికి ఇది ఒక కారణము. చిన్నదే గాని, కొట్టిపారవేయదగినది కాదు.

అసలు కారణము ఉద్యోగములోనే దాగి ఉన్నది. సభలో కృష్ణుడు జరుగబోయే యుద్ధమును మాటలతో చూపుతాడు. రథము, దాని మీది జెండా, పూన్చిన గుఱ్ఱాలు, గాండీవము, సారథిగా తాను. ఒక్కొక్క పద్యములో ఒక్కొక్కటి కళ్ళముందు నిలిచిపోతుంది. ఎదుట ఉన్నది మూడు కుర్చీలు, ఒక తెర, ప్రక్కన హార్మోనియము. అయినా వినేవానికి కురుక్షేత్రమంతా కనబడుతుంది. అంటే, రెండవ నాటకము చెప్పవలసిన యుద్ధమును మొదటి నాటకము ముందే చెప్పివేసినది. తరువాయి కథకు ఇంతకంటె కష్టమైన స్థితి వేరొకటి లేదు. ప్రేక్షకుడు మనసులో ఒకసారి చూచిన రథమును ఇప్పుడు మరల చూపవలెను.

చలనచిత్రము ఇక్కడే తన బలమును చూపగలనని అనుకొంటుంది. దానికి నిజమైన రథాలున్నవి, గుఱ్ఱాలున్నవి, దుమ్ము రేపుతూ పరుగెత్తే వందలమంది మనుష్యులున్నారు. ఈనాడు అవి కూడ అక్కరలేదు. యంత్రము అక్షౌహిణులను గీసి ఇస్తుంది. అయితే రథము నిజముగా కనబడుతూ ఉండగా రథమును వర్ణించే పద్యమునకు పనేమి? నటుడు పద్యము ఎత్తుకొంటే యుద్ధము ఆగుతుంది. యుద్ధము సాగితే పద్యము ఆగవలసివస్తుంది. సభలో అట్లు కాదు. అక్కడ జరిగేదే మాట. దుర్యోధనుడు సింహాసనము మీద కూర్చుండి వింటాడు, కెమెరా కూడ కూర్చుండి వింటుంది. రాయబారము తెరకు ఇమిడినది, యుద్ధ నాటకము ఇమడలేదు అంటే, దర్శకుల అశ్రద్ధ కంటె ఈ భేదమే ముఖ్యమని మా అభిప్రాయము.

జరిగిన చరిత్ర దీనినే చూపుతున్నది. 1936లో ద్రౌపది కథను ఇద్దరు నిర్మాతలు పోటాపోటీగా తీసినారు. ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’లో యడవల్లి సూర్యనారాయణ, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, ‘ద్రౌపదీ మానసంరక్షణము’లో సాక్షాత్తు బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. గెలిచినది మొదటిది. రంగస్థలము మీద రాఘవకు సాటి లేదన్న మాట తెర మీద ఆయనకు అక్కరకు రాలేదు. 1960లో ‘శ్రీకృష్ణ రాయబారము’ అనే పేరుతోనే చిత్రము వచ్చినది. 1967లో కమలాకర కామేశ్వరరావు ‘శ్రీకృష్ణావతారము’లో జంటకవుల రాయబార పద్యాలను ఘంటసాల చేత పాడించినారు. 1977 సంక్రాంతికి, జనవరి 14వ తేదీన, ఒకేనాడు రెండు భారతాలు విడుదలైనవి: ‘దాన వీర శూర కర్ణ’, ‘కురుక్షేత్రము’. మొదటి దానిలో రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు తానే అయి, దర్శకత్వము కూడ తానే వహించినారు. దాదాపు నాలుగు గంటల చిత్రము. అందులో జనము నోట నిలిచినవి రాయబారపు పద్యాలు, కొండవీటి వేంకటకవి వ్రాసిన సభా సంభాషణలు. యుద్ధము వచ్చేసరికి పద్యము వెనుకకు తగ్గి, బాణాలు ముందుకు వచ్చినవి.

ఇక్కడ ఒక తమాషా చెప్పవలెను. కంట్రాక్టు నాటకాలలో ఒక రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండడము ఆచారము. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, ఆపైన మరొకరు. పీసపాటి నరసింహమూర్తి మాట స్పష్టముగా, అర్థము ముందు, రాగము వెనుకగా చెప్పేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు గారిది మరొక ఫణితి. కృష్ణుడు మారినాడని జనము ఎన్నడూ ఆక్షేపించలేదు. ఎవరు ఎట్లు పాడుతారో చూడడానికే బండ్లు కట్టుకొని వచ్చేవారు. సినిమాలో అది తారుమారైనది. ఇక్కడ ఒక్క పాత్రకు ముగ్గురు నటులైతే, అక్కడ ఒక్క నటునికి మూడు పాత్రలు! రెండూ జనము మెచ్చినవే. రెంటినీ కలిపే త్రోవ మాత్రము మాకు కనబడదు.

సినిమా చేసిన మేలును కాదనము. తిరుపతి శాస్త్రి 1920లో, వేంకటశాస్త్రి 1950లో గతించినారు. ఆ తరువాత పుట్టిన మూడు తరాలకు వారి పద్యము చేరినదంటే దానిలో తెరకు పెద్ద వాటా ఉన్నది. గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పలికేది కాదు. ఆ కొలతలో పద్యాన్ని ఎట్లు చెప్పవలెనో మనవారు ముందే నేర్చినారు. ఘంటసాల దానిని ఇంకను చిక్కబరచి, పాదము విరుగకుండ, మాట నలగకుండ, ఆలాపన మితముగా పాడి చూపినారు. చదువురాని వారికి కూడ పద్యము అర్థమైనది.

కాని ఆ మేలుకు మనము చెల్లించిన వెల కూడ లెక్క చూడవలెను. తెర ఎన్నుకొన్న పద్యాలు పదిపదిహేను. అవి రాగానే పందిరిలో ‘వన్స్‌మోర్’ కేకలు లేస్తవి. తెర ఎన్నుకొననివి వందల సంఖ్యలో ఉన్నవి. వాటికి ఆ కేక లేదు. కేక లేని పద్యాన్ని నటుడు మెల్లగా విడిచిపెడతాడు. కంట్రాక్టరు కాలము మిగిలినదని సంతోషిస్తాడు. విజయములోని పద్యాలకు పట్టిన గతి ఇదే. పుస్తకములో ఉన్నవి, నాలుకల మీద లేవు. పద్యము ఎక్కడ ఎత్తుకొని ఎక్కడ దింపవలెనో పుస్తకము చెప్పదు. అది ఒక నటుని నుండి మరొక నటునికి చెవి దారినే పోవలెను. ఆ దారి ఒక తరము తెగితే మరల అతుకదు. విజయమును ఆసాంతము ఆడి ఎరిగిన నటులు, వారి వెంట హార్మోనియము పట్టినవారు, ఇప్పుడు ఏ వయసులో ఉన్నారో శ్రోతలే ఆలోచించుకొనగలరు.

కనుక సినిమా తీయవలెనా అన్న ప్రశ్నకు మా సమాధానము: కథ కావలసినవారు తీయవచ్చును, నాటకము కావలసినవారు తీయరాదు. కథ తీయదలచినవారికి కె.వి. రెడ్డి మార్గము ఉన్నది. ‘మాయాబజారు’ను ఆయన రంగస్థలము నుండే గ్రహించినారు, సురభి వారు ఆ కథను ఊరూర ఆడినారు. 1957లో చిత్రము వచ్చేసరికి అది పూర్తిగా తెర సొత్తు. పాండవుల బంధువుల కథ అయి కూడ, పాండవులలో ఒక్కరిని చూపకుండ నడిపిన ధైర్యము అది. నాటకానికి ఋణపడి ఉండడము, నాటకాన్ని మోసుకొని తిరగడము వేరు వేరు పనులు. విజయమును ఎవరైనా అట్లు కరగించి మరల పోత పోయగలిగితే మేమూ టిక్కెట్టు కొని చూస్తాము. కాని ఆ పోతలో జంటకవుల పద్యాలు నాలుగైదు మించి మిగలవు.

నాటకమే నిలువవలెనంటే వేరొక పద్ధతి ఉన్నది, అది మనము కనిపెట్టవలసినది కూడ కాదు. ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ అనే ఆంగ్ల సంగీతకర్త ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ అనే సంగీత నాటకాన్ని 1986లో లండనులో ప్రదర్శించినాడు. 2004లో అది చలనచిత్రమైనది. దాని తరువాయిగా 2010లో ‘లవ్ నెవర్ డైస్’ కట్టినాడు. తరువాయికి లండనులో మొదటిదాని ఆదరణ దక్కలేదు. ఏడాదిన్నరకే ప్రదర్శనలు నిలిచినవి. 2011లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో దానిని మార్చి, క్రొత్త రంగాలంకరణతో ఆడినారు. ఆ ప్రదర్శనను రంగము మీద ఆడినది ఆడినట్లే చిత్రీకరించి, 2012లో సినిమాహాళ్ళలో చూపినారు. అమెరికాలో ‘హామిల్టన్’ నాటకాన్ని కూడ 2016లో అట్లే పట్టి, 2020లో విడుదల చేసినారు. తెర వచ్చినది, నాటకము పోలేదు. వారి తరువాయి బలహీనమనిపించుకొన్నది కనుక వారికి అది ఒక ఉపాయము; మన తరువాయి మరుగున పడిపోతున్నది కనుక మనకు అది అవసరము.

ఆ పని చేయదలచినవారికి, శబ్దముతో బ్రతికేవారముగా మేము చెప్పగలిగినవి కొన్ని ఉన్నవి. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన మొదలైనది. పద్యాన్ని బొమ్మ లేకుండ ఇంటింటికి చేర్చడమెట్లో అప్పటినుండి అక్కడ నేర్చుకొంటూనే ఉన్నారు. స్టూడియోలో తీయవద్దు, ఊరిలో తీయండి. పద్యము చెప్పేవానికి ఎదుట వినే ముఖాలు కావలెను. ఉద్యోగము ఆడిన రాత్రి తెల్లవారుజామున గాక, విజయమునకు ఒక రాత్రి పూర్తిగా కేటాయించండి. తొమ్మిది గంటలకు యుద్ధము మొదలు కావలెను. పద్యాలు కోయవద్దు. కృష్ణులు ముగ్గురైతే ముగ్గురినీ ఉంచండి. మూడు కెమెరాలు చాలును, వాటిలో ఒకటి కదలకుండ రంగమంతటినీ చూస్తూ ఉండవలెను. నటుడు నిలిచిన చోటు నుండి మైకు దగ్గరకు ఉరికి రావడము మన రంగస్థలాన్ని పట్టిన పెద్ద జాడ్యము. చిన్న మైకు దుస్తులలో అమర్చితే ఆ పరుగు తప్పుతుంది. అన్నింటికంటె ముఖ్యముగా హార్మోనియానికి మైకు వేరుగా పెట్టి, దాని పాళ్ళు పద్యము కంటె తగ్గించి ఉంచండి. శ్రుతి పట్టడానికి ఎంత కావలెనో అంత. పెట్టె గట్టిగా మ్రోగిన రాత్రి కవి గారి మాట మూడవ వరుస దాటి వినబడదు.