కళ్లంలో అమ్మ... డాన్యూబ్ ఒడ్డున నేను

'యూరప్ టూర్' అనగానే మనలో చాలామందికి సినిమా పాటలే గుర్తొస్తాయి. మంచుకొండలు, తులిప్ తోటలు, ఈఫిల్ టవరు... లేదంటే డబ్బున్నవాళ్లు వేసవి సెలవుల్లో చుట్టివచ్చే దేశాలు అనుకుంటాం. పత్తి, మిర్చి తప్ప మరో ఊసు లేని ఊళ్లలో పుట్టిన ఆడపిల్లలకి, అదీ చదువు కోసం బ్యాంకులో అప్పు చేసినవాళ్లకి అవెక్కడ అందుతాయి? అందుతాయి! కాకపోతే పైసా పైసా లెక్క రాసుకోవాలి. తోడు చూసుకోవాలి. ఇంట్లోవాళ్లకి చెప్పి మరీ వెళ్లాలి. 2025 మార్చిలో మేం నలుగురు అమ్మాయిలం తొమ్మిది రోజుల్లో నాలుగు దేశాలు చూసొచ్చాం. ఎలాగో చెబుతాను.

పత్తి ఊరి నుంచి నూలు ఊరికి

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర ఓ పల్లె. పేరులోనే పత్తి ఉంది కదా! చుట్టూ నల్లరేగడి నేల. నాన్నకి సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. ఓ ఏడు పత్తి ఎక్కువ వేస్తే, ఇంకో ఏడు మిరప ఎక్కువ. గుంటూరులో ఇంజినీరింగ్ అయ్యాక 2023లో ఎమ్మెస్ కోసం జర్మనీలోని కెమ్నిట్జ్ వెళ్లాను. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు. సెమిస్టర్‌కి కొంత చందా కడితే చాలు. కానీ వీసా రావాలంటే ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే 'బ్లాక్డ్ అకౌంట్'లో వేసి చూపించాలి. నేను వెళ్లినప్పుడు అది 11,208 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి 11,904 చేశారు. మన డబ్బుల్లో పది లక్షల పైమాటే. మా అప్పు అందుకే.

కెమ్నిట్జ్‌ని ఒకప్పుడు 'సాక్సన్ మాంచెస్టర్' అనేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో నూలు మిల్లులకీ, నేత యంత్రాలకీ అంత పేరు. 1953 నుంచి 1990 వరకు ఆ ఊరి పేరు కార్ల్‌మార్క్స్ స్టాట్. 2025లో యూరప్ సాంస్కృతిక రాజధానుల్లో ఒకటిగా కూడా నిలిచింది. అంటే, పత్తి పండించే ఊళ్లో పుట్టి పత్తిని వడికిన ఊళ్లో చదువుకుంటున్నానన్నమాట!

అక్కడ నాకు దొరికిన స్నేహితురాళ్లు ముగ్గురు. ఒకమ్మాయిది పర్చూరు. 2022 వరకు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. వాళ్లదీ పత్తీ మిరపా వ్యవసాయమే. మరొకరిది ఒంగోలు, ఇంకొకరిది వరంగల్. నలుగురికీ ఒకటే వంటగది, ఒకటే కుక్కరు, ఒకటే గోంగూర పచ్చడి సీసా!

ధర పడిపోయిన ఏడు

ఫిబ్రవరిలో పరీక్షలు అయిపోతే ఏప్రిల్ దాకా సెలవులు. చదువుకునే విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చని 2024 మార్చిలో నిబంధన మార్చారు. అంతకుముందు 120 రోజులే. నేను శని, ఆదివారాల్లో ఒక బేకరీలో పనిచేసేదాన్ని. తినగా, ఇంటికి బ్యాంకు వడ్డీ పంపగా 400 యూరోలు మిగిలాయి. వాటితో వెళ్దామని మా ఆలోచన.

సరిగ్గా అప్పుడే మిర్చి ధర కుప్పకూలింది. అంతకుముందు ఏడాది క్వింటా ఇరవై వేలు దాటి అమ్మిన కాయ పదకొండు వేల దగ్గరకొచ్చి పడింది. కేంద్ర ప్రభుత్వం క్వింటాకి 11,781 రూపాయలని జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. కౌలు, పురుగుమందులు, కోత కూలీ లెక్కేస్తే మా ఇంట్లో మిగిలేదేం లేదు. ఇలాంటప్పుడు 'నేను ఊళ్లు చూసొస్తా' అని ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా దాచి వెళ్లడం ఇష్టం లేక ఫోన్ చేసి అడిగేశా.

నాన్న ఏం మాట్లాడలేదు. బాబాయి మాత్రం "అప్పు చేసి చదువుకి పంపిస్తే ఊళ్లు తిరుగుద్దా?" అన్నాడు. అమ్మ ఫోన్ తీసుకుంది.

"ఈ నెల బ్యాంకుకి పంపాల్సింది పంపావా?"

"పంపానమ్మా."

"మిగిలినయ్యి నీ కష్టం డబ్బులేగా? పోయిరా. పెళ్లయిన కాడి నుంచి నేను గుంటూరు యార్డు, తిరపతి కొండ తప్ప ఏం చూళ్లా. నువ్వు చూసిందల్లా ఫోన్లో నాక్కూడా చూపించు. అంతే!"

అంతటితో ఊరుకోలేదు. పర్చూరు అమ్మాయిని వాళ్లింట్లో వద్దంటున్నారని తెలిసి, వాళ్లమ్మకి తనే ఫోన్ చేసింది. "వదినా, నలుగురు పిల్లలూ కలిసే పోతన్నారు. పంపించు" అని చెప్పింది. అప్పటికి వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు!

కాగితాలు జాగ్రత్త

జర్మనీలో నివాస అనుమతి కార్డు ఉన్న విద్యార్థులకి మిగతా షెంగెన్ దేశాలకి వేరే వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజులకి మించకుండా తిరగొచ్చు. బ్రిటన్‌కి మాత్రం ఈ కార్డు పనికిరాదు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లు షెంగెన్ వీసా తీసుకోవాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి వర్తించే ప్రయాణ బీమా కూడా ఉండాలి. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి.

'సరిహద్దుల్లో ఎవరూ ఆపరు' అన్న మాట నమ్మి పాస్‌పోర్టు గదిలో వదిలేసి వెళ్లకండి. జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు మొదలుపెట్టింది. మేం తిరిగి వచ్చేటప్పుడు తెల్లవారుజామున బస్సెక్కి పోలీసులు ఒక్కొక్కరి కార్డూ చూశారు.

నాణెం మీద ఓ వనిత

మొదటి మజిలీ చెక్ రాజధాని ప్రాగ్. వల్తావా నది మీద చార్లెస్ వంతెన 1357లో కట్టడం మొదలుపెట్టారట. పొడవు అర కిలోమీటరు పైనే. అటూ ఇటూ విగ్రహాలు. దానిమీద నడవడానికి టికెట్ లేదు. పాత బజారులోని ఖగోళ గడియారం 1410 నాటిది. గంట కొట్టగానే బొమ్మలు కదులుతాయి. అక్కడ యూరోలు కాదు, కొరునాలు వాడతారు. వీధిలో డబ్బు మార్చేవాళ్ల దగ్గరకి పోకుండా కార్డుతోనే కానిచ్చాం.

బేకరీ గల్లాపెట్టెలో రోజూ నా చేతిలో పడే రెండు యూరోల నాణేల్లో కొన్నిటి మీద ఒక స్త్రీ బొమ్మ ఉండేది. అవి ఆస్ట్రియా నాణేలు. ఆవిడ బెర్తా ఫాన్ సుట్నర్. 1843లో ఈ ప్రాగ్‌లోనే పుట్టింది. యుద్ధాలు వద్దని పుస్తకాలు రాసి, ఊరూరా తిరిగి చెప్పింది. 1905లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. రోజూ చిల్లర ఇస్తూ కూడా ఆవిడెవరో అంతవరకు తెలీదు నాకు!

అక్కడి నుంచి రైల్లో నాలుగ్గంటలు ప్రయాణిస్తే ఆస్ట్రియా రాజధాని వియన్నా. షోన్‌బ్రున్ ప్యాలెస్ లోపలికి టికెట్ ఖరీదెక్కువని బయట తోటలే చూశాం. వాటికి డబ్బులక్కర్లేదు. మరియా తెరీసా వేసవి విడిది అది. 1740 నుంచి 1780 దాకా నలభై ఏళ్లు రాజ్యమేలింది. పదహారు మంది పిల్లల్ని కంది. ఆడపిల్లలైనా మగపిల్లలైనా బడికి వెళ్లాల్సిందేనని 1774లో శాసనం చేసింది. ఫోన్లో ఈ సంగతి చెబితే అమ్మ "పదహారు కాన్పులా!" అని అక్కడే ఆగిపోయింది. బడి సంగతి మళ్లీ చెప్పాల్సొచ్చింది. వియన్నాలో ఇంకో సుఖం నీళ్లు. కొండల మీది ఊట నీరే కుళాయిల్లో వస్తుంది. నలుగురం సీసాలు నింపుకుని తిరిగాం.

మరో గంట ప్రయాణిస్తే స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా. 1741లో మరియా తెరీసాకి హంగరీ కిరీటం పెట్టిన చర్చి ఇక్కడే ఉంది. చిన్న ఊరు. కాళ్లకి కాస్త విశ్రాంతి దొరికింది.

ఆ రాత్రి మేం కదల్లేదు

అన్నీ సాఫీగా జరిగాయనుకోకండి. ఒక ఊళ్లో రాత్రి పదింటికి హాస్టల్‌కి చేరితే, ఆడవాళ్ల డార్మిటరీ నిండిపోయిందనీ, మగవాళ్లూ ఉండే గదిలో మంచాలిస్తామనీ చెప్పారు. మేం డబ్బు కట్టింది ఆడవాళ్ల గదికి. ఒంగోలు అమ్మాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వరంగల్ అమ్మాయి మాత్రం బుకింగ్ కాగితం బల్లమీద పెట్టి, "ఇందులో రాసిందే ఇవ్వండి. ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం" అంది నెమ్మదిగానే. నలుగురం సామాను దించి అక్కడే కూర్చున్నాం. నలభై నిమిషాలకి నాలుగు మంచాల గది ఒకటి ఖాళీగా ఉందని తాళం ఇచ్చారు. ధర కూడా పెంచలేదు. ఒక్కదాన్నే అయితే సర్దుకుపోయేదాన్నేమో. అందుకే అంటున్నా, తోడు ముఖ్యం. కాగితం అంతకన్నా ముఖ్యం!

బుడాపెస్ట్‌లో మిరప దండలు

చివరి మజిలీ హంగరీ రాజధాని బుడాపెస్ట్. డాన్యూబ్ నదికి అటు బుడా, ఇటు పెస్ట్. 1873లో కలిపి ఒకే నగరం చేశారు. 1896 నాటి భూగర్భ రైలు ఇంకా నడుస్తోంది. కానీ నన్ను కట్టిపడేసింది మాత్రం 1897లో తెరిచిన పెద్ద బజారు. ఇనుప దూలాల కింద రైల్వే స్టేషనంత హాలు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఎర్రటి మిరప దండలు! మన కళ్లాల్లో మిరపకాయలు నేలమీద పరుస్తాం. వాళ్లు దండలు గుచ్చి ఇంటి గోడలకి వేలాడదీసి ఎండబెట్టేవాళ్లట.

నిజానికి మిరప మనదీ కాదు, వాళ్లదీ కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. హంగరీకి తుర్కుల పాలనలో చేరిందంటారు. వాళ్ల పాప్రికాలో రంగు ఎక్కువ, చాలా రకాల్లో కారం తక్కువ. మన తేజ కాయ పక్కన పెడితే బెల్లంలా ఉంటుంది! సెగెద్, కలోచా అనే రెండు ప్రాంతాల పాప్రికాకి పేరెక్కువ. సెగెద్‌లో పనిచేసిన ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ అనే శాస్త్రవేత్త ఈ పాప్రికా నుంచే సి-విటమిన్‌ని పెద్ద మొత్తంలో తీశాడు. 1937లో ఆయనకి నోబెల్ వచ్చింది.

వీడియో కాల్ చేస్తే అమ్మ కళ్లంలో ఉంది. వెనకాల కాయల రాసులు. "కాయ బాగుంది. కారం పొడి ఎంతంట?" అని అడిగింది. ముద్దొచ్చే గుడ్డసంచీలో కట్టిన వంద గ్రాముల పొడి మన డబ్బుల్లో నాలుగొందలు. అమ్మ కాసేపు లెక్కేసుకుంది.

"అయితే కిలో నాలుగు వేలు. వాళ్ల మూడు కిలోల పొడి డబ్బుకి నా క్వింటా కాయ పోతంది."

నాకు నోట మాట రాలేదు. పర్యాటకుల బజారు ధర అది, వాళ్ల రైతుకి అంతా దక్కదు, నిజమే. అయినా ఆ సంచీ మీద ఊరి పేరుంది. ఆ పేరుకి యూరోపియన్ యూనియన్ చట్టం రక్షణ ఉంది. మన గుంటూరు సన్నానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ టిక్కీల్లో కుట్టి యార్డుకి పంపాక అది ఎవరి పొలం కాయో, ఎవరు ఏరిన కాయో ఎవరికీ తెలీదు.

లెక్క తేలింది ఇలా

బస్సులు, రైళ్లకి 98 యూరోలు. ఏడు రాత్రుల మంచాలకి 154. ఎనిమిదో రాత్రి బస్సులోనే గడిచింది. ఊళ్లలో మెట్రోలు, టికెట్లకి 62. తిండికి 55. చిల్లర ఖర్చు 12. మొత్తం 381 యూరోలు. అంటే ముప్పై అయిదు వేల చిల్లర. తిండి అంత తక్కువలో ఎలా అయిందంటారా? వేయించిన రవ్వ, పులిహోర ముద్ద, కారప్పొడి వెంట తీసుకెళ్లాం. హాస్టల్ వంటగదిలో పొద్దున ఉప్మా, రాత్రి పులిహోర. మధ్యాహ్నం మాత్రం బజార్లో రొట్టె.

అక్కడ అమ్మ వేసిన లెక్క వేరు. ఆ ఏడు రెండు టిక్కీలు యార్డుకి పంపకుండా ఆపింది. గుంటూరులో తనే వెళ్లి పర్చూరు అత్తయ్యని మొదటిసారి కలిసింది. ఇద్దరూ కూర్చుని తొడిమలు తీశారు. మిల్లులో ఆడిస్తే డెబ్బై కిలోల పొడి అయింది. తెలిసినవాళ్ల ఇళ్లకి కిలో 280 చొప్పున ఇచ్చారు. 19,600 వచ్చింది. మిల్లుకి, సంచులకి, ఆటోకి 3,600 పోయింది. యార్డులో అయితే ఆ కాయకి తొమ్మిది వేలు దాటేది కాదు. అంటే ఏడు వేలు అదనం. దానితో అప్పు తీరదు. ఇంకా ఎక్కువమందికి అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా తీసుకోవాలి. ఇప్పుడు డ్వాక్రా గ్రూపులో ఆ మాటే నడుస్తోంది.

అమ్మ ఖర్చుల పుస్తకం ఫొటో తీసి పంపితే చూశా. మిల్లు కూలీ ఉంది, ఆటో బాడుగ ఉంది. నాలుగు రోజులు తొడిమలు తీసిన ఇద్దరి కూలీ లేదు. "అదేందమ్మా, మీ కూలీ రాయలేదే?" అని అడిగితే, "మా ఇంటి పనికి మాకు కూలేందే?" అని నవ్వింది. నేను నవ్వలేదు. "రాయమ్మా. ఆ కూలీ రాసుకుంటేనే పొడి అసలు ధర తెలుస్తుంది" అన్నాను.

మర్నాడు ఇంకో ఫొటో వచ్చింది. కిందన కొత్త వరుస, అమ్మ దస్తూరీలో: 'తొడిమలు, ఇద్దరు ఆడమనుషులు, నాలుగు రోజులు.'