మీట నొక్కినా పలకని వాషింగ్ మెషిన్

మాసిన బట్టలు వేశారు. సబ్బుపొడి పోశారు. మీట నొక్కారు. యంత్రంలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడేం చేస్తారు? చాలా ఇళ్ళలో మీటను పదిసార్లు నొక్కుతారు, యంత్రం నెత్తిన రెండు దెబ్బలు వేస్తారు, ఆ తరువాత "మోటారు కాలిపోయింది" అని తీర్పు చెప్పేస్తారు. కాని మోటారు పాడైనంత మాత్రాన యంత్రం ముఖాన ఉన్న చిన్న దీపం ఆరిపోనక్కరలేదు కదా! ఆ దీపమే వెలగలేదంటే, కరెంటు దారిలో ఎక్కడో ముందే ఆగిపోయి ఉండవచ్చు. ఎక్కడ ఆగిందో కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కరలేదు. మీ విద్యుత్తు పాఠం చాలు.

ముందు సరిగ్గా చూడండి

వైద్యుడు రోగిని చూడగానే మందు రాయడు. నాలుగు ప్రశ్నలు వేస్తాడు. మనం వేయవలసిన మొదటి ప్రశ్న: దీపం వెలుగుతోందా, లేదా?

దీపం వెలిగి, యంత్రం మాత్రం నడవకపోతే కరెంటు వస్తున్నట్లే. అప్పుడు తలుపు సరిగా పడిందో లేదో చూడాలి. పిల్లలు మీటలు నొక్కకుండా ఉండేందుకు చాలా యంత్రాల్లో చైల్డ్ లాక్ ఉంటుంది. అది పడితే మీటలు పలకవు. ముందు వైపు తలుపు ఉండే యంత్రాల్లో చాలావాటికి తాళం వేసేది మీకు తెలిసిన ద్విలోహ పట్టీయే. కరెంటు వల్ల అది వేడెక్కి వంగుతుంది, తాళం పడుతుంది. అందుకే మొదట కొన్ని సెకండ్లు ఆగవలసి వస్తుంది. ఉతకడం అయ్యాక తలుపు వెంటనే తెరుచుకోకపోవడానికీ కారణం ఇదే. పట్టీ చల్లారాలి మరి!

రెండు తొట్లుండే సెమీ ఆటోమేటిక్ యంత్రంలో ఇంకొక తమాషా ఉంది. దాని టైమరు సాధారణంగా స్ప్రింగుతో నడుస్తుంది. కరెంటు లేకపోయినా టిక్కు టిక్కుమంటుంది. ఆ చప్పుడు విని కరెంటు ఉందనుకుంటే పొరపాటే.

వెళ్ళే దారి, వచ్చే దారి

దీపం కూడా వెలగకపోతే కరెంటు నడిచే దారిని కాగితం మీద గీయండి. ఇంటి మెయిన్ బోర్డులోని ఎం.సి.బి., గోడలోని తీగ, స్విచ్చి, సాకెట్టు, ప్లగ్గు, వైరు, యంత్రం. అక్కడితో అయిపోలేదు. న్యూట్రల్ తీగ ద్వారా కరెంటు తిరిగి రావాలి. వలయం పూర్తయితేనే ప్రవాహం.

ఈ దారిని సాకెట్టు దగ్గర రెండుగా విడదీయండి. పక్క గదిలో బాగా తిరుగుతున్న టేబుల్ ఫ్యాను తెప్పించి, పెద్దల చేత అదే సాకెట్టులో పెట్టించండి. అది తిరగకపోతే లోపం ఇంటి వైపు ఉంది. తిరిగితే లోపం చాలావరకు యంత్రం వైపే. ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గింది చూశారా?

"ఫ్యాను ఎందుకు, టెస్టరు ఉంది కదా" అని మీరు అడగవచ్చు. టెస్టరులో నియాన్ దీపం, చాలా ఎక్కువ నిరోధం ఉంటాయి. అతి స్వల్పమైన కరెంటు మన శరీరం గుండా భూమిలోకి పోతే చాలు, అది వెలుగుతుంది. అంటే ఫేజు వచ్చిందని మాత్రమే టెస్టరు చెబుతుంది. న్యూట్రల్ తీగ తెగి ఉంటే దాని సంగతి దానికి తెలియదు. టెస్టరు వెలిగినా యంత్రం నడవకపోవడంలో వింత లేదు. టెస్టరు వెలగలేదు కాబట్టి తీగను ముట్టుకోవచ్చు అనుకోవడం మరీ ప్రమాదం. టెస్టరే పాడై ఉండవచ్చు.

వదులు ప్లగ్గు చేసే చెరుపు

ఫ్యాను తిరిగినంత మాత్రాన సాకెట్టుకు పూర్తి మార్కులు వేయకండి. 1827లో తన సూత్రాన్ని పుస్తకంగా ప్రకటించిన జార్జి సైమన్ ఓమ్ జర్మనీలో బడిపంతులుగా పనిచేసినవాడే. ఆయన లెక్క ఇక్కడ పనికి వస్తుంది.

నీటిని వేడిచేసే యంత్రం 2000 వాట్లు తీసుకుంటుందనుకోండి. 2000ను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. అందుకే దానికి 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు చాలదు, 16 ఆంపియర్లది కావాలి. ఇప్పుడు ప్లగ్గు వదులై, ఆ చోట కేవలం 1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. ప్రవాహం వర్గాన్ని నిరోధంతో గుణిస్తే అక్కడ పుట్టే వేడి సుమారు 70 వాట్లు. అతుకులు పెట్టే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లదే! ప్లాస్టిక్ కరగదా? ఫ్యాను తీసుకునే కొద్దిపాటి కరెంటుకు ఈ లోపం బయటపడదు. ప్లగ్గు పిన్నుల దగ్గర నల్లటి మరకలు, కాలిన వాసన, గోధుమరంగుకు తిరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే, జబ్బు దొరికినట్లే. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్పించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి పని గడుపుకోకూడదు.

మెకానిక్ ఏం చేస్తాడు?

ముందు ప్లగ్గు ఊడబెరుకుతాడు. తరువాత మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి, వైరు ఈ కొసకూ ఆ కొసకూ మధ్య నిరోధం చూస్తాడు. సున్నాకు దగ్గరగా ఉంటే తీగ బాగున్నట్లు. అనంతం చూపితే లోపల తెగినట్లు. వైరు తరచు తెగేది ప్లగ్గు మొదట్లో, మడతపడే చోట. ఎలుకలు కొరికిన చోట కూడా! ఆ తరువాత స్విచ్చి, ఫ్యూజు, బోర్డు వరుసగా చూస్తాడు.

ఫ్యూజు పోయిందంటే అది జబ్బు కాదు, జబ్బు గుర్తు. ఎక్కడో ఎక్కువ కరెంటు పారబట్టే అది కరిగింది. కారణం వెతకకుండా దాని బదులు మామూలు తీగ చుట్టడం అంటే కాపలావాణ్ణి పంపించివేసి తలుపులు తెరిచి పడుకోవడమే.

మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. పడిపోతే మరింత జాగ్రత్త. వెళ్ళిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానమో కాదో అది చూస్తూ ఉంటుంది. ఇళ్ళలో సాధారణంగా వాడే రకం, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే దారి మూసేస్తుంది. ఆ తేడా ఎవరి శరీరం గుండానైనా పోవచ్చు కదా! పదే పదే పైకి ఎత్తి పెట్టకండి. యంత్రం ప్లగ్గు తీయించి, మెకానిక్‌ను పిలిపించండి.

మీ హద్దు ఎక్కడ?

చూడటం, వాసన పట్టడం, దారి గీయడం, లెక్క వేయడం మీ పని. యంత్రం వెనుక మూత విప్పడం మీ పని కాదు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటరులో విద్యుదావేశం మిగిలి ఉండవచ్చు. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి స్విచ్చి ముట్టుకోకండి. యంత్రం రేకు ముట్టుకుంటే జివ్వుమన్నదా? ఆ యంత్రం నడుస్తున్నా సరే, పాడైనట్లే లెక్క. దాన్ని మళ్ళీ తాకకండి. పెద్దలకు చెప్పి మెయిన్ ఆపించండి. ఎర్తు తీగను పరీక్ష చేయించేదాకా వాడవద్దు.

మూడు పిన్నుల ప్లగ్గును గమనించారా? ఎర్తు పిన్ను మిగిలిన రెండింటికంటె పొడవు. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర వదులుతుంది. ఆ పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చేవారిని చూస్తే ఈ సంగతి చెప్పండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంటి యంత్రానికి అతికించిన చీటీ మీద ఎన్ని వాట్లని ఉందో చదవండి. 230తో భాగించండి. వచ్చిన ఆంపియర్లను సాకెట్టు మీద అచ్చువేసిన అంకెతో పోల్చండి. యంత్రం అంకె పెద్దదైతే, ఆ లెక్క కాగితం ఇంట్లో పెద్దవారికి చూపించండి.