మామిడి మొగ్గలో రెండు నిర్ణయాలు: కాణిపాకం పరిసర తోతాపురి తోటలలో పూత శాస్త్రం

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయక క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. ఈ పరిసర మండలాల రైతులకు ప్రధాన జీవనాధారం మామిడి. అందులోనూ గుజ్జు పరిశ్రమకు అనువైన తోతాపురి రకానిదే అగ్రస్థానం. జనవరి మాసంలో ఇక్కడి ఏ తోటలోకి అడుగుపెట్టినా ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. ఒకే చెట్టుకు ఒక పక్క కొమ్మలన్నీ పూతతో నిండి ఉంటాయి. మరొక పక్క కొమ్మలు రాగి రంగు లేత చిగురు తొడుగుతాయి. నేల ఒకటే, నీరు ఒకటే, చల్లిన మందు ఒకటే. అయినా ఫలితం రెండు విధాలుగా ఎందుకు ఉంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం మొక్కల అభివృద్ధి జీవశాస్త్రంలో ఉంది. దానిని సకాలంలో రైతుకు అందించగలిగితే వృథా ఖర్చు తగ్గుతుంది.

ఈ విషయానికి ఇటీవల మరింత ప్రాధాన్యం ఏర్పడింది. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోగా, కర్మాగారాలు కిలోకు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున చెల్లించే ఏర్పాటు చేయవలసి వచ్చింది. కిలోకు 12 రూపాయలు దక్కడమే గగనమైనపుడు, పనిచేయని ఒక్క పిచికారీ కూడా రైతుకు భారమే.

మేల్కొనడం వేరు, పూయడం వేరు

మామిడి కొమ్మ నిరంతరంగా పెరగదు. కొంతకాలం నిద్రాణంగా ఉండి, ఒక్కసారిగా చిగురు వేసి, ముదిరి, మళ్ళీ విశ్రమిస్తుంది. కొమ్మ చివర ఉన్న అగ్రమొగ్గలో రెండు వేర్వేరు నిర్ణయాలు జరుగుతాయి. మొదటిది, మొగ్గ ఎప్పుడు మేల్కొనాలి అన్నది. రెండవది, మేల్కొన్న మొగ్గ ఏమి కావాలి అన్నది. కత్తిరింపు, వాన, నీటి తడి, నత్రజని మొదలైనవి మొదటి నిర్ణయాన్ని ప్రేరేపిస్తాయి. రెండవ నిర్ణయం ప్రధానంగా ఆ రెమ్మ వయసుపైన, ఆ సమయంలోని రాత్రి చలిపైన ఆధారపడి ఉంటుంది.

అందువలన మేల్కొన్న మొగ్గ మూడు రూపాలు ధరించగలదు: కేవలం ఆకులతో కూడిన చిగురు, కేవలం పూలతో కూడిన గుత్తి, లేదా రెండూ కలిసిన మిశ్రమ గుత్తి. మిశ్రమ గుత్తులను రైతులు రోగలక్షణంగా భావించి ఆందోళన చెందడం కద్దు. నిజానికి అవి మొగ్గ కదిలే తరుణంలో సంకేతాలు సమతూకంలో ఉన్నాయని చెప్పే సూచికలు మాత్రమే. చలిలో కదలిన మొగ్గను తొలి దశలోనే వెచ్చని వాతావరణానికి మార్చితే పూగుత్తిగా మొదలైనది ఆకులవైపు మళ్ళుతుందని ప్రయోగాలలో రుజువైంది. అంటే మొగ్గ కదలిన తరువాత కూడా కొద్దికాలం ఈ నిర్ణయం మారే అవకాశం ఉంటుంది.

ఆకు పంపే కబురు

పూయవలసిన సంకేతం మొగ్గలో కాక ఆకులో పుడుతుంది. 1930లలో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ఆకుల నుండి కొనకు ప్రయాణించే ఒక పుష్పకారకం ఉండాలని ప్రతిపాదించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. దాని స్వరూపం తెలియడానికి డెబ్బై సంవత్సరాలు పట్టింది. 2007లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోను, వరిలోను ఆ కబురు ఒక చిన్న ప్రోటీన్ అని, అది ఆకులో తయారై పోషక నాళాల ద్వారా కొనకు చేరుతుందని వేర్వేరు పరిశోధక బృందాలు నిరూపించాయి. మామిడిలోనూ ఇదే కుటుంబానికి చెందిన జన్యువులను గుర్తించారు. 2020లో అల్ఫాన్సో రకపు జన్యుక్రమం ప్రచురితమైన తరువాత ఈ దిశలో పరిశోధన మరింత సులభమైంది.

మామిడిలో దీనికి ప్రత్యక్ష నిదర్శనం కూడా ఉంది. చలి ఉన్న రోజులలో ఒక కొమ్మకు బెరడు వలయంగా తొలగించి, దాని ఆకులన్నీ తుంచివేస్తే, ఆ కొమ్మ పూతకు బదులు చిగురే వేస్తుంది. కాబట్టి పూతకు ముందు ఆరోగ్యకరమైన ముదురు ఆకును కాపాడుకోవడం పూతను కాపాడుకోవడమే. ఆకుతినే పురుగు, ఆకుమచ్చ తెగులు వలన వానాకాలంలో కలిగిన నష్టం జనవరిలో పూత లోపంగా బయటపడవచ్చునని విస్తరణ సిబ్బంది గుర్తించాలి.

రెమ్మ వయసు, రాత్రి చలి, ఈశాన్య ఋతుపవనం

ఉత్తర భారతంలో శీతాకాలపు చలి తీవ్రంగా ఉండటం వలన లేత రెమ్మలకు సైతం కొంతవరకు పుష్పప్రేరణ లభిస్తుంది. దక్షిణ రాయలసీమలో అంతటి చలి ఉండదు. చలి స్వల్పంగా ఉన్నచోట ఆ లోటును రెమ్మ వయసు పూరించాలి. సుమారు నాలుగు, అయిదు నెలలు విశ్రాంతి పొందిన ముదురు రెమ్మ కొద్దిపాటి చలికే పూయగలదు; రెండు నెలల రెమ్మ అదే చలిలో చిగురు వేస్తుంది. పైన చెప్పిన వింత దృశ్యానికి కారణం ఇదే. ఒకే చెట్టుపై వేర్వేరు నెలలలో పుట్టిన రెమ్మలు ఉన్నాయి.

ఆగస్టు మొదటి వారంలో వచ్చిన చిగురుకు డిసెంబరు మూడవ వారానికి నాలుగున్నర నెలల వయసు వస్తుంది. అక్టోబరు నడుమ వచ్చిన చిగురుకు అప్పటికి రెండు నెలలే. మన ప్రాంతానికి ఇక్కడే చిక్కు ఎదురవుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వర్షాలు, వాయుగుండాలు ఇక్కడ సాధారణం. 2021 నవంబరులో వలె భారీ వర్షాలు కురిసినపుడు విశ్రాంతిలో ఉండవలసిన మొగ్గలు అకాలంగా మేల్కొని చిగురు వేసే ప్రమాదం ఉంది. వానను ఆపలేము, కాని నవంబరు, డిసెంబరు మాసాలలో నీటి తడులు ఆపడం, నత్రజని వేయకపోవడం, తోటలో నీరు నిలవకుండా మురుగు కాలువలు తీయడం మన చేతిలోని పనులు. కాణి అనగా తరి భూమి అని, పారకం అనగా అందులోకి నీరు పారడం అని కాణిపాకం పేరుకు అర్థం చెబుతారు. నీరు పారించడంలో నేర్పు గల ఈ ప్రాంతపు రైతుకు, పూతకు ముందు రెండు నెలలు నీరు బిగపట్టడం కూడా ఒక నేర్పే అని చెప్పవలసి ఉంది.

మందులు చేయగలిగినది, చేయలేనిది

పొటాషియం నైట్రేటు పిచికారీతో మామిడిలో పూత రప్పించవచ్చునని 1970లలో ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త రామన్ బార్బా కృషి ద్వారా ప్రపంచానికి తెలిసింది. అయితే ఈ లవణం మొదటి నిర్ణయాన్ని మాత్రమే ప్రభావితం చేస్తుంది, మొగ్గను మేల్కొలుపుతుంది. రెమ్మ ముదిరి, పూతకు సిద్ధంగా ఉంటే పూత వస్తుంది. లేత రెమ్మపై చల్లితే చిగురే వస్తుంది, లేదా ఏమీ రాదు. పక్క తోటలో పనిచేసిన మందు తన తోటలో పనిచేయలేదని రైతు వాపోయినపుడు, మందు నాణ్యతను శంకించే ముందు రెమ్మ వయసు అడిగి తెలుసుకోవాలి.

పాక్లోబ్యుట్రజోల్ రెండవ నిర్ణయంపై పనిచేస్తుంది. ఇది మొక్కలో జిబ్బరెల్లిన్ల తయారీని అడ్డుకుని, శాఖీయ పెరుగుదలను తగ్గించి, పూతవైపు మొగ్గు కలిగిస్తుంది. పూత ఆశించే సమయానికి మూడు, నాలుగు నెలల ముందు, నేలలో తేమ ఉన్నపుడు, కొమ్మలు విస్తరించిన మేరను కొలిచి, సిఫార్సు చేసిన మోతాదులో పాదులో పోయాలి. డిసెంబరులో పోస్తే ఆ ఏటి పూతకు ప్రయోజనం ఆశించలేము. ఈ రసాయనం నేలలో చాలాకాలం నిలిచి ఉంటుంది. ఏటా విచక్షణ లేకుండా వాడితే కణుపుల మధ్య దూరం తగ్గి, చిగురు గిడసబారి, పూగుత్తులు ముద్దగా తయారవుతాయి. లేత తోటలకు, నీరసించిన చెట్లకు దీనిని వాడరాదు.

తోతాపురి, నీలం సాధారణంగా ఏటా కాపునిచ్చే రకాలు. నీలం రకానికి గల ఈ గుణాన్ని ఆధారం చేసుకునే భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ దశేరితో సంకరపరచి మల్లిక, ఆమ్రపాలి రకాలను రూపొందించింది. కాబట్టి తోతాపురిలో పూత తప్పినపుడు రకాన్ని నిందించే ముందు యాజమాన్యాన్ని, వాతావరణాన్ని పరిశీలించడం సబబు.

ఊరంతా కలిసి చేయదగిన ప్రయోగం

ఈ శాస్త్రాన్ని రైతుకు ఉపన్యాసంగా చెప్పడం కన్నా అతని చెట్టుపైనే చూపించడం మేలు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలకు వెళ్ళే విద్యార్థులు ఈ పనికి నడుం కట్టవచ్చు. ఒక్కొక్క తోటలో అయిదు చెట్లు ఎంచుకుని, చెట్టుకు నాలుగు దిక్కుల నుండి ఇరవై రెమ్మలు తీసుకోవాలి. చిగురు వేసిన నెలను బట్టి వేర్వేరు రంగుల దారాలు కట్టాలి. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రతి వారం ఆ మొగ్గలు పూతగా, చిగురుగా, మిశ్రమంగా మారాయా, లేక నిద్రలోనే ఉన్నాయా అని నమోదు చేయాలి. రోజువారీ కనిష్ఠ ఉష్ణోగ్రతను, వర్షపాతాన్ని ఆ పట్టికకు జతచేయాలి.

దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. దారం, నోటు పుస్తకం, ఓపిక చాలు. ఒకే గ్రామంలో పది మంది రైతులు ఇలా నమోదు చేసి, రైతు సేవా కేంద్రంలో పట్టికలు పక్కపక్కన పెట్టి చర్చించుకుంటే, ఏ నెల చిగురు పూసిందో వారికే తేటతెల్లమవుతుంది. కత్తిరింపు ఎప్పుడు చేయాలి అన్న ప్రశ్నకు ఆ ఊరి సమాధానం ఆ ఊరిలోనే దొరుకుతుంది. కొన్నేళ్ళ పట్టికలు పరిశోధన స్థానాలకు చేరితే, నియంత్రిత ప్రయోగాలలో లభించని సహజ వైవిధ్యం శాస్త్రవేత్తలకు అందుతుంది.

ముగింపు

కాణిపాకంలో వినాయక చవితితో మొదలై ఇరవై ఒక్క రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. చవితి నుండి సంక్రాంతి వరకు దాదాపు నాలుగు నుండి అయిదు నెలలు. మామిడి రెమ్మ ముదరడానికి కావలసిన వ్యవధి కూడా అంతే. కోత ముగిసిన వెంటనే జూలైలో కత్తిరింపు, ఎరువులు పూర్తిచేసి, చవితి నాటికి చిగురు బయటపడేలా చూసుకుంటే సంక్రాంతి నాటికి చెట్టు పూతకు సిద్ధంగా ఉంటుంది. చవితికి చిగురు, సంక్రాంతికి పూత అన్న ఈ లెక్కను రైతుకు గుర్తుండేలా చెప్పగలిగితే, జనవరిలో మందుల దుకాణం ముందు నిలబడి అడిగే ప్రశ్నను అతడు ఆగస్టులో తన తోటలోనే అడుగుతాడు. అప్పటికి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే వ్యవధి మనకు ఉంటుంది.