ఒంటి కొవ్వొత్తి

మా మేనల్లుడు గ్లాస్గో నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. క్రిందటి వేసవిలో ఒకనాడు ఫోను చేసి, “మామయ్యా, వచ్చే నెలలో పౌర్ణమి ఎన్నడో పంచాంగము చూచి చెప్పండి” అన్నాడు. పెండ్లి మాట కాబోలునని నేను సంతోషించినాను. తీరా విచారించగా వానికి కావలసినది సముద్రము వెనుకకు తగ్గే ముహూర్తము! ఆ సంగతి వాని ఫోనులోనే దొరుకునట. పంచాంగము పట్టుకొని కూర్చునే మేనమామను ఆట పట్టించుటకే అడిగినాడు.

ఆటయే వాని వ్యసనము. దానిని జియోకాషింగు అంటారు. ఒకరు ఎక్కడనో చిన్న పెట్టె దాచి, ఆ స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములను ప్రకటిస్తారు. తక్కినవారు ఉపగ్రహముల సంకేతముల సాయముతో వెదకిపోయి, పెట్టెలోని పుస్తకములో సంతకము చేసి, మరల యథాస్థానమున ఉంచి రావలెను. అమెరికా ప్రభుత్వము ఆ సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలుపుచు వచ్చిన దోషమును 2000 మే నెలారంభములో తొలగించినది. వెనువెంటనే, మే 3న, ఓరెగాన్ రాష్ట్రమునందు డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచి జాడ ప్రకటించినాడు. వెదకుటలోని చిక్కునకు ఒక అంకె, దారి కష్టమునకు మరొక అంకె, 1 నుండి 5 వరకు ఇస్తారు. దారి 5 అంటే కేవలము కాళ్ళను నమ్ముకొని పోరాదన్నమాట.

వీని మిత్రుడొకడు తమవారి కొరకు దాచిన పెట్టె స్కాట్లండు పడమటి తీరమున, మల్ అనే ద్వీపములోని మెకినన్ గుహ దాపున ఉన్నది. ఆ పేరు వినగానే నేను కుర్చీలో సర్దుకొని కూర్చున్నాను. ఆ గుహను డాక్టరు జాన్సను చూచినాడు. 1755లో ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన జాన్సనే! బ్రౌణ్యమును ముందు పెట్టుకొని పాఠము చెప్పే నావంటివానికి నిఘంటుకారులందరు బంధువులే. 1773 అక్టోబరులో, అరువది నాలుగేండ్ల వయస్సున, ఆయన బాస్వెల్‌తో కూడ పడవమీద పోయి ఆ గుహలో ప్రవేశించినాడు. పూర్వమొకప్పుడు ఒక వాద్యకాడు పన్నెండుగురు మనుష్యులతో లోపలికి పోయి తిరిగి రాలేదని అక్కడ ఐతిహ్యము. వీరియొద్ద ఉన్నది ఒక్క కొవ్వొత్తి. అది చక్కగనే వెలుగుచున్నది, అనగా గాలి మంచిదే. కాని అది ఆరిపోయినచో ముందు గాలి ఎట్టిదో తెలిసికొను ఉపాయము లేదని తలచి, గుహ అంతమును చూడకయే వెనుదిరిగినారు. అంతటి ప్రకృతి వింతను తానెన్నడు చూడలేదని జాన్సను అన్నట్లు బాస్వెల్ వ్రాసినాడు.

ఈ కథ చెప్పగా మేనల్లుడు, “అయితే మనిషికి రెండేసి దీపాలు” అని కాగితము మీద వ్రాసికొన్నాడు.

దీపములకంటె పెద్ద చిక్కు సముద్రము. నీరు తీసిన వేళ తప్ప కాలినడకను ఆ గుహలోనికి పోరాదు. సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్క వరుసన కూడుటచేత పున్నమకును అమావాస్యకును పోటు మిక్కిలి ఎక్కును, ఆటు మిక్కిలి దిగును; ఆ తీరములందు ఆ ఉద్ధృతి ఒకటి రెండు దినములు ఆలస్యముగా కనిపించును. కనుక తదియను ఎంచుకొన్నారు. ఆనాడు నీరు అడుగంటేది మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున. పన్నెండున్నరకు గుహద్వారము చేరవలెను; చేరనిచో ఎక్కడ ఉంటే అక్కడినుండియే మరలవలెను. ఈ పంక్తి క్రింద వాడు రెండు గీతలు గీచినాడు. ఫోనులు పలకని చోటు గనుక తిరిగివచ్చే వేళను బసలో చెప్పి పోవలెను. గుహలోనికి ఉపగ్రహ సంకేతములు రావు. కొండచరియ సగము ఆకాశమును కప్పుటచేత బయటకూడ కొన్ని గజములు తప్పవచ్చును. అందుచేత మిత్రుడు పెట్టెను వెలుపలనే, పోటునీరు అందని రాతిచీలికలో ఉంచి, ఒక గురుతు చెప్పినాడు.

ఓబాన్ రేవునుండి ఓడపై ద్వీపము చేరి, మరునాడు ముగ్గురు బయలుదేరినారు. పడమటిగాలి. నాచు పట్టిన బండలపై ఒకడు జారి మోకాలు కొట్టుకొన్నాడు. కట్టు కట్టుటలో వేళ గడచినది. జలపాతము దాటునప్పటికి పన్నెండున్నర. గుహ కనిపించుచునే ఉన్నది. నడుమనున్న బండలమీదికి మాత్రము అలలు ఉండి ఉండి ఎక్కుచున్నవి. లండను నుండి వచ్చిన మిత్రుడు, “నీరింకను తీయవలసియున్నది గదా, పోదము” అన్నాడు. అది అబద్ధము కాదు. అందుచేతనే జవాబు చెప్పుట కష్టమైనదని మావాడు అన్నాడు. కాగితము చూపి వెనుదిరిగినాడు. ఆ మిత్రుడు ఓడ ఎక్కునంతవరకు వానితో మాటాడలేదట.

ఈ వృత్తాంతమంతయు విని మా అక్కయ్య, “ఇంతకూ ఆ పెట్టెలో ఏమున్నదిరా?” అని అడిగినది.

“ఒక పెన్సిలూ, చిన్న పుస్తకమూనే అమ్మా.”

అక్కయ్య చాలసేపు ఏమియు అనలేదు. తరువాత పంచాంగము నా చేతికిచ్చి, ఈసారి తదియనాడు వర్జ్యము కూడ చూడుమన్నది.