స్టీఫెన్ క్రేన్ నవలలో ప్రకృతి: బోధనలో ఒక చిక్కు

అమెరికన్ నవలలలోని 'నేచురలిజమ్' అను వాదమును బోధించునపుడు మన తరగతులలో మొదటి ఆటంకము ఆ పేరు వలననే కలుగుచున్నది. దానిని 'ప్రకృతివాదము' అన్నచో విద్యార్థి భావకవుల ప్రకృత్యారాధనను తలచును. 'స్వాభావికత' అన్నచో అలంకారశాస్త్రమునందలి స్వభావోక్తికి పోవును. ఎమీల్ జోలా 1880లో ప్రతిపాదించిన వాదమునకు ఈ రెంటితోను సంబంధము లేదు. మనుష్యుడు వంశపారంపర్యమునకును పరిసరములకును లోబడిన ప్రాణి యనియు, శాస్త్రజ్ఞుడు పదార్థమును పరీక్షించునట్లు నవలాకారుడు వానిని పరీక్షింపవలె ననియు దాని సారము. అట్టి నవలలలో ప్రకృతి మనుష్యునకు తల్లియు కాదు, శత్రువును కాదు. వాని యునికినే అది పట్టించుకొనదు.

ఈ విషయమును నిర్వచనములతో గాక భావచిత్రములతో బోధించుటకు క్రేన్ 1895లో ప్రకటించిన 'ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్' మిక్కిలి అనుకూలము. అమెరికా అంతర్యుద్ధము ముగిసిన ఆరేండ్లకు, 1871లో పుట్టిన ఈ రచయిత ఏ యుద్ధమును కన్నులార చూడకమునుపే దీనిని వ్రాసెను.

ఇందలి 7వ ప్రకరణమును వరుస తప్పక చదివింపవలెను. రణరంగము నుండి పారిపోయిన హెన్రీ ఫ్లెమింగ్ అడవిలో ఒక ఉడుతపై పైన్‌కాయ విసరును. అది భయపడి పరుగెత్తును. ప్రాణరక్షణకై పరుగెత్తుట ప్రకృతిధర్మమే యని అతడు ఊరట చెందును. ఇక్కడ మన విద్యార్థులును సంతోషింతురు. శకుంతలను సాగనంపిన తపోవనము నెరిగినవారు గదా! కాని పిమ్మట ఒక చిన్న జంతువు నల్లని మడుగులోనికి దుమికి, మెరయుచున్న చేపతో పైకి వచ్చును. హెన్రీ దానిని గూర్చి ఏమియు తలపోయడు. తరువాత, కొమ్మలు వంగి ప్రార్థనామందిరమువలె నున్న చోట చెట్టునకు చేరగిలబడిన సైనికుని శవము కానవచ్చును. దాని కన్నులకు చచ్చిన చేప వన్నె, ముఖమున చీమలు.

చేపను ఉపమానముగా గుర్తించి ముందునకు సాగుట మన అలవాటు. అంతటితో ఆగినచో పాఠము సగమే యగును. ఉడుతను పారనిచ్చిన ధర్మమే చేపను మ్రింగించినది. హెన్రీ తన వాదమునకు అనుకూలమైన సాక్షిని మాత్రమే వినెను. రెండవదానిని రచయిత శవము కన్నులలో మరల చూపెను. ఉద్దీపనవిభావమున ప్రకృతి నాయకుని భావమును పెంపొందించును. ఇచ్చట నాయకుడు ప్రకృతికి భావము నంటగట్టుచున్నాడు, అది నిలువకున్నది.

9వ ప్రకరణాంతమున, జిమ్ కాంక్లిన్ మరణించిన పిమ్మట, ఎర్రని సూర్యుడు ఆకాశమున అతికించిన 'వేఫర్' వలె నున్నాడనుటపై వివాదము కలదు. ఆ మాటకు క్రైస్తవారాధనలోని పలుచని రొట్టెబిళ్ల యనియు, ఉత్తరములు అంటించు బిళ్ల యనియు రెండర్థములు. ఆర్. డబ్ల్యు. స్టాల్‌మన్ 1951లో మొదటిదానిని గ్రహించి జిమ్‌లో క్రీస్తును దర్శించెను, పలువురు కాదనిరి. మృతుని దుఃఖమును ఎరుగని ఆకాశమునకు రెండవదే తగునని నా తలంపు. తెలుగు చేయువాడు ఏదో యొకదానిని ఎంచుకొనక తప్పదు. పరీక్షలో ఈ ఒక్క మాటను తెలుగు చేయుమని, ఎంపికకు 7వ ప్రకరణము నుండి కారణము చూపుమని అడుగుట 'నేచురలిజమ్ లక్షణములు వ్రాయుము' అనుట కంటె ఉపయుక్తము.